పేరు కోసం ఎదురుచూసే పీతలు

పసిఫిక్ మహాసముద్రంలోని గ్వామ్ దీవిలో హారీ కాన్లీ అనే ఆయనకు పగడపు రాళ్లు తవ్వే అలవాటుండేది. విరిగిపడిన పగడపు ముక్కల గుట్టలను చేతులతో తోడి, అడుగున దాక్కున్న పీతలను ఏరేవాడు. వాటిలో ఒకటి సెంటీమీటరు వెడల్పు కూడా లేదు. కళ్లు బాగా కుంచించుకుపోయి, కాళ్లు సన్నగా పొడుగ్గా ఉన్నాయి. చీకటి సందుల్లో బతికే జీవి లక్షణాలివి. ఆ పీత సీసాలోకి చేరింది, సీసా సముద్రజీవుల శాస్త్రజ్ఞుడు గుస్తావ్ పౌలే సేకరణలోకి చేరింది, అక్కడి నుంచి సింగపూర్ వెళ్లింది. 2017లో జోస్ క్రిస్టఫర్ మెండోజా, పీటర్ ఎంగ్ దానికి ‘హారీప్లాక్స్ సెవెరస్’ అని పేరు పెట్టి ప్రపంచానికి పరిచయం చేశారు. అప్పటికి అది సముద్రం విడిచి దాదాపు ఇరవై ఏళ్లు.

ఈ రంగంలో ఇది వింత కాదు, మామూలు. సముద్రంలో దొరికిన రోజున ఏ పీతా ‘కొత్త జాతి’ కాదు. ఇంతకుముందు పేరున్న వాటిలో ఏదీ ఇది కాదని ఎవరో ఒకరు ఓపిగ్గా నిరూపించిన రోజున అవుతుంది. చిన్న పీతల విషయంలో ఈ రెండు రోజుల మధ్య దూరం మరీ ఎక్కువ.

అసలు పీతలను శాస్త్రం బ్రాకియూరా అనే విభాగంలో ఉంచింది. రొయ్యలో వెనక్కి చాచి ఉండే పొట్ట భాగం పీతలో పొట్టిదై, ఛాతీ కిందకు మడతపడి ఉంటుంది. చేపల బజారులో పీతను వెల్లకిలా తిప్పి చూసేవాళ్లకు ఈ మడత కొత్త కాదు: సన్నగా కోసుగా ఉంటే మగది, వెడల్పుగా గుండ్రంగా ఉంటే ఆడది. 2008లో పీటర్ ఎంగ్, డానియెల్ గినో, పీటర్ డేవీ కలిసి ప్రపంచ పీతలన్నిటి జాబితా ప్రచురించారు. అందులో ఉపజాతులతో కలిపి 6,793 చెల్లుబాటయ్యే పేర్లు, 93 కుటుంబాలు ఉన్నాయి. అదే జాబితాలో 1,907 పర్యాయనామాలు కూడా లెక్కకు వచ్చాయి. అంటే ఇదివరకే పేరున్న పీతకే మరొకరు మరో పేరు పెట్టిన సందర్భాలు అన్ని. కొత్త జాతిని ప్రకటించబోయేవారిని వెనక్కి లాగి నిలబెట్టేది ఈ రెండో అంకె.

పీతలా కనిపించేదల్లా పీత కాదు. పగడాల మీద, రాళ్ల కింద కనిపించే పోర్సెలిన్ పీతలు అనోమ్యూరా అనే వేరే విభాగానికి చెందుతాయి. వాటిని పట్టించేవి కాళ్లు. చివరి జత చిన్నదై మడతలో దాగిపోవడంతో, డెక్కలతో కలిపి పైకి నాలుగు జతలే కనిపిస్తాయి. వేర్వేరు వంశాల జీవులు ఇలా పీత ఆకారంలోకి మారడానికి 1916లోనే బొరడెయిల్ అనే శాస్త్రజ్ఞుడు ఒక పదం ఇచ్చాడు. ప్రకృతికి ఈ ఆకారం మీద ఇంత మోజు ఎందుకన్నది ఇప్పటికీ చర్చలో ఉన్న విషయమే.

చిన్న పీతలు కంటబడకపోవడానికి అవి ఎంచుకున్న ఇళ్లే కారణం. బఠాణీ పీతలు ఆల్చిప్పల్లో, ముత్యపు చిప్పల్లో, గవ్వజాతి జీవుల్లో కాపురముంటాయి. చిప్ప తెరిస్తే లోపల మెత్తని ఒంటితో కూర్చుని ఉంటాయి. గాల్ పీతలు బతికున్న పగడంలోనే గూడు కట్టిస్తాయి. వాటిలో హపలోకార్సినస్ ప్రజాతి ఆడపీత కొమ్మల పగడం మీద స్థిరపడ్డాక చుట్టూ కొమ్మలు పెరిగి గదిలా కమ్ముకుంటాయి, అది ఇక జన్మలో బయటికి రాదు. మరికొన్ని స్పాంజీల రంధ్రాల్లో, సముద్ర దోసకాయల ఒంట్లో, పురుగులు తవ్విన బొరియల్లో ఉంటాయి. పీత కష్టాలు పీతవి అన్న మాట వీటికి బాగా నప్పుతుంది. గింజంత ఒంటికి ఎన్ని దాగుడుమూతలో. వలలు, బోనులు పెద్ద పీతల కోసం చేసినవి కాబట్టి ఇవన్నీ కళ్ల మధ్య నుంచి జారిపోతాయి.

అందుకే వీటిని పట్టేవాళ్లు చేపలవాళ్ల పద్ధతి వదిలి వేరే దారులు వెతికారు. చచ్చిన పగడపు రాళ్లను బకెట్లలో వేసి, సుత్తితో పగలగొట్టి, కుంచెతో తోమి, ఆ నీటిని సన్నని జల్లెడ పడతారు. నీళ్లలో మునిగి గొట్టంతో పీల్చే యంత్రాలు వాడతారు. పలకలను దొంతరగా పేర్చి సముద్రం అడుగున బిగించి, ఏడాదో రెండేళ్లో వదిలేసి, అందులో స్థిరపడ్డ జీవులతో సహా పైకి తీసే పద్ధతి కూడా వచ్చింది. 2004లో ఫిలిప్పీన్స్‌లోని పాంగ్లావ్ దీవి దగ్గర జరిగిన పెద్ద సర్వేలో ఇలాంటి పద్ధతులెన్నో ఒకేచోట వాడారు. అన్నిటికంటే గొప్పగా పనిచేసిన సాధనాల్లో ఒకటి మాత్రం అక్కడి జాలర్లదే. అందమైన గవ్వల కోసం వాళ్లు ‘లుమున్-లుమున్’ అనే వల మూటలను లోతైన నిటారు వాలుల మీద దింపి వదిలేస్తారు. అడుగును గీరే డ్రెడ్జి దిగలేని ఆ రాతి గోడల మీద తిరిగే చిన్న పీతలు ఆ వలల్లో చేరి పైకొస్తాయి. ఆ ఒక్క సర్వేలో రొయ్యలు, పీతలు, వాటి బంధువులు కలిపి దాదాపు 1,200 జాతులు తేలాయి. జాలరి చేతిపని పరిశోధక నౌక చేయలేనిది చేసిందని అక్కడి శాస్త్రజ్ఞులు దాపరికం లేకుండా రాసుకున్నారు.

ఎన్ని మిగిలి ఉన్నాయో ఊహించడానికి మరో లెక్క ఉంది. హిందూ మహాసముద్రం, పసిఫిక్, కరీబియన్ ప్రాంతాల్లోని ఏడు చోట్ల నుంచి చచ్చిన పగడాలూ దొంతర పలకలూ తీసి, వాటిలో దొరికిన క్రస్టేషియన్లను, అంటే రొయ్యలు, పీతల వర్గపు జీవులను, డీఎన్‌ఏ ద్వారా వేరుచేశారు. 2011లో ఫలితం వచ్చింది. అన్నీ కలిపితే 6.3 చదరపు మీటర్ల జాగా. అంటే ఒక చిన్న గది నేల. అందులో 525 జాతులు. వాటిలో మూడో వంతుకు పైగా ఒక్కొక్క నమూనాతోనే దొరికాయి. ఒక్కసారే కనబడిన జాతులు అంత ఎక్కువగా ఉన్నాయంటే ఇంకా కనబడనివి ఎన్నో ఉన్నాయని అర్థం.

పీత దొరికాక పడవ మీద చేసే మొదటి పని దాన్ని బతికుండగానే చల్లబరచడం. నేరుగా ఆల్కహాల్‌లో పడేస్తే అది బెదిరి కాళ్లు తనంతట తాను విదిలించుకుంటుంది. అప్పుడు శాస్త్రజ్ఞుడి చేతిలో డిప్ప ఒకటి, విడి కాళ్లు ఎనిమిది మిగులుతాయి. అందుకని చల్లటి నీళ్లలో మత్తెక్కించి, రంగులుండగానే ఫొటో తీసి, తర్వాత ఆల్కహాల్‌లోకి దింపుతారు. ఎర్రగా నీలంగా మెరిసే పీత కొన్ని వారాల్లో పాలిపోతుంది. పాత వర్ణనల్లో రంగుల మాట ఎక్కువగా లేకపోవడానికి ఇదీ ఒక కారణం. ఒకప్పుడు ఫార్మాలిన్ వాడేవారు. ఆకారం చక్కగా నిలిచేది కానీ డీఎన్‌ఏ ఛిద్రమయ్యేది. ఇప్పుడు జన్యు పరీక్ష కోసం కాలి ముక్క ఒకటి విడిగా గాఢమైన ఆల్కహాల్‌లో దాస్తారు.

ఇక బల్ల దగ్గరి పని. ముందు డిప్ప వెడల్పు, పొడవు. తర్వాత దాని అంచున ఉన్న పళ్లు ఎన్ని, వాటి మధ్య గంటు ఎంత లోతు, నుదుటి భాగం తిన్నగా ఉందా చీలి ఉందా. నోటిని కప్పే చివరి జత దవడకాళ్ల కీళ్లు ఎలా అమరాయి. డెక్కల వేళ్లు ఏ రంగువి, ఆ రంగు అరచేతి దాకా పాకిందా లేదా. పిలమ్నిడే కుటుంబం వంటి వెంట్రుకల పీతలైతే ముందు సన్నని సూదితో ఒక పక్క వెంట్రుకలు ఊడదీసి, చర్మం మీది గుబ్బలు కనబడేలా చేస్తారు. రెండో పక్కను ముట్టుకోరు, తర్వాత చూసేవారికి అసలు రూపమూ ఉండాలి కదా. సూక్ష్మదర్శినికి కెమెరా లూసిడా అనే బొమ్మలు గీసే పరికరం తగిలించి గీసిన గీతబొమ్మలకు ఫొటోల కాలంలోనూ విలువ తగ్గలేదు. మంచి బొమ్మ ఏది ముఖ్యమో చెబుతుంది, ఫొటో అన్నిటినీ ఒకేలా చూపిస్తుంది.

కానీ పీతల వర్గీకరణలో ఆఖరి తీర్పు చాలాసార్లు మగపీత మడత కింద ఉంటుంది. అక్కడ మొదటి జత ఉపాంగాలు సంగమానికి పనికొచ్చే గొట్టాలుగా మారి ఉంటాయి. బయటికి కవలల్లా ఉన్న రెండు జాతుల్లోనూ ఈ గొట్టం వంపు, కొన రూపు, దాని మీది ముళ్లు వేరుగా ఉంటాయి. పిలమ్నిడే కుటుంబంలో అది సన్నగా, పాములా మెలి తిరిగి ఉంటుంది. దానికి పైపైన పోలి ఉండే జాంథిడేలో ఆ మెలి ఉండదు. కేవలం అర మిల్లీమీటరు కొనను చూసి కుటుంబాన్నే మార్చిన సందర్భాలున్నాయి. డానియెల్ గినో 1970ల చివరలో సంతానద్వారాలు ఎక్కడున్నాయన్న ప్రశ్నతోనే పీతలన్నిటినీ మూడు గుంపులు చేసింది: రెండు లింగాల్లోనూ కాళ్ల మొదట్లో ఉన్నవి, మగలో కాలి మొదట్లో ఆడలో ఛాతీ పలక మీద ఉన్నవి, రెండింటిలోనూ ఛాతీ మీదే ఉన్నవి. డిప్ప ఆకారాన్ని నమ్మి కట్టిన పాత వర్గీకరణలకు ఇది గట్టి దెబ్బ.

ఆడపీత ఒక్కటే దొరికితే ఏం చేయాలి? చాలామంది ఆగుతారు. ఆగకపోతే జరిగేది బఠాణీ పీతల చరిత్రలో కనిపిస్తుంది. వాటిలో మగది చిన్నది, గట్టి డిప్పది. ఆడది పెద్దది, మెత్తనిది. వయసును బట్టి ఆడదే రూపం మార్చుకుంటుంది. ఒకే పీత ఆడకూ మగకూ వేర్వేరు జాతి పేర్లు పెట్టిన ఘనులు ఉన్నారు. దానికి తోడు సాక్యులినా అనే పరాన్నజీవి పట్టిన మగపీతలో పొట్ట మడత ఆడదానిలా వెడల్పవుతుంది. పరీక్షించే వ్యక్తి ఆ సంగతి గుర్తించకపోతే రోగాన్ని జాతి లక్షణంగా రాసేస్తాడు.

ఇంతకంటే ఘోరమైన పొరపాటు పీత పిల్లల విషయంలో జరిగింది. గుడ్డు నుంచి వచ్చే పీత పిల్లకు పీత పోలికే ఉండదు. పెద్ద కళ్లు, నెత్తిన ముల్లు, ఈదే తోక. 1802లో బాస్క్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దాన్ని ‘జోయియా’ అనే కొత్త ప్రజాతిగా వర్ణించాడు. తర్వాతి దశను 1813లో లీచ్ అనే మరో శాస్త్రజ్ఞుడు ‘మెగలోపా’ అనే మరో ప్రజాతి చేశాడు. ఐర్లండులో పనిచేసిన సైనిక వైద్యుడు జాన్ వాన్ థాంప్సన్ 1820ల్లో వాటిని సముద్రపు నీటిలో పెంచి చూసి, ఇవి పీత బిడ్డలేనని తేల్చాడు. పెద్ద పండితులు చాలాకాలం ఒప్పుకోలేదు. ఆ రెండు ప్రజాతుల పేర్లూ ఇప్పుడు ఎదుగుదల దశలకు పేర్లుగా మిగిలాయి.

ఇక పేర్ల నియమాలు. జీవుల వర్గీకరణకు పునాది వేసిన లిన్నేయస్ 1758లో పీతలను కీటకాల్లోనే కలిపాడు, అన్నిటికీ ‘కాన్సర్’ అనే ఒకే ప్రజాతి ఇచ్చాడు. జంతువుల పేర్ల లెక్క ఆ సంవత్సరం నుంచే మొదలవుతుంది. ముందు పెట్టిన పేరుకే హక్కు అన్నది మూల సూత్రం. ఒక నమూనాను ‘హోలోటైప్’గా ప్రకటించి, ఎవరైనా వెళ్లి చూసుకునేలా మ్యూజియంలో ఉంచాలి. పేరు లాటిను అక్షరాల్లో ఉండాలి. ఇంటర్నెట్‌లో మాత్రమే వెలువడే పత్రికల్లో ప్రకటించే పేర్లు 2012 నుంచి చెల్లుతున్నాయి, కానీ ముందుగా జూబ్యాంక్ అనే నమోదు పట్టికలో చేర్చాలి. తన పేరు తానే పెట్టుకోకూడదని జంతువుల పేర్ల నియమావళిలో ఎక్కడా లేదు. అలా దాదాపు ఎవరూ చేయకపోవడం మర్యాద మీద నడిచే వ్యవహారం.

పేరు పెట్టడంలో శాస్త్రజ్ఞులకు కాస్త సరదా మిగిలింది. ‘హారీప్లాక్స్’లో హారీ కాన్లీ ఉన్నాడు, మాంత్రిక బాలుడు హారీ పోటర్ కూడా ఉన్నాడు. రెండో పేరు అదే కథలోని సెవెరస్ స్నేప్‌ది. రహస్యాన్ని చివరిదాకా దాచిన పాత్ర కాబట్టి, అన్నాళ్లు కళ్లు కప్పి తిరిగిన పీతకు ఆ పేరు. ఈ పీత చేరిన క్రిస్మాప్లాసిడే కుటుంబాన్ని అంతకు మూడేళ్ల ముందు 2014లో క్రిస్మస్ దీవి పీత ఒకదాని కోసం ఏర్పాటు చేశారు. సాలమన్ దీవుల్లో పగడాన్ని తొలిచే ఆల్చిప్ప లోపల దొరికిన ఒక బఠాణీ పీతకు డిప్ప మీద మరో పెద్ద పలక ఉంది. చూడటానికి రెండు ముఖాలున్నట్టు ఉండటంతో 2016లో ‘సెరెనోథెరెస్ జానస్’ అన్నారు. జానస్ రోమన్ల రెండు ముఖాల దేవుడు. ప్రజాతి పేరులో ఉన్నది రవూల్ సెరెన్ అనే ఫ్రెంచి పీతల నిపుణుడు. పడమటి ఆస్ట్రేలియా ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఒక రోమాల స్పాంజి పీతను అక్కడి కుటుంబం మ్యూజియానికి చేర్చింది. 2022లో దానికి ‘లామార్క్‌డ్రోమియా బీగల్’ అని డార్విన్ ప్రయాణించిన ఓడ పేరు వచ్చింది. ఆ ఓడ 1836లో ఆ తీరానికి వచ్చింది.

మన తీరం ఈ కథలో మొదటి నుంచీ ఉంది. తమిళనాడులోని తరంగంబాడి అప్పట్లో డేనిష్ స్థావరం. అక్కడ ఉన్న డాల్డార్ఫ్ అనే అధికారి పంపిన నమూనాల ఆధారంగా ఫాబ్రిసియస్ అనే శాస్త్రజ్ఞుడు 1798లో ఎన్నో పీతలను వర్ణించాడు. తర్వాతి శతాబ్దంలో ‘ఇన్వెస్టిగేటర్’ అనే సర్వే నౌక వచ్చింది. దాని మీద వైద్యుడిగా, ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా పనిచేసిన ఆల్ఫ్రెడ్ ఆల్కాక్ తర్వాత కోల్‌కతాలోని ఇండియన్ మ్యూజియం బాధ్యత తీసుకుని, 1895 నుంచి 1900 వరకు భారతీయ పీతల మీద వరసగా రాసిన భాగాలు ఇప్పటికీ పరిశోధకుల బల్లల మీద తెరిచి ఉంటాయి. ఆయన రాతలో ప్రతి ముల్లూ లెక్కకొస్తుంది. 2018లో వచ్చిన జాబితా ప్రకారం భారత సముద్ర పీతలు 910 జాతులు.

కొత్తవి ఆగలేదు. 2015లో పీటర్ ఎంగ్, కేరళ విశ్వవిద్యాలయానికి చెందిన బిజు కుమార్ దక్షిణ భారతంలో ఒక బఠాణీ పీతను వర్ణించారు. అప్పటిదాకా హిందూ మహాసముద్రంలో ఆ ప్రజాతి ఉందని ఎవరికీ తెలియదు. ప్రజాతి పేరు ఆఫ్రోపిన్నోథెరెస్, జాతి పేరు ‘రత్నాకర’. 2022లో పరంగిపేట దగ్గర వెళ్లార్ నదీముఖంలోని మడ అడవుల నుంచి ‘సూడోహెలిస్ అన్నామలై’ వచ్చింది. అన్నామలై విశ్వవిద్యాలయం పేరు మీద పెట్టినది. రెండు సెంటీమీటర్లకు మించని ఊదా, బూడిద రంగు పీత. ఆ ప్రజాతిలో అప్పటికి తెలిసినవి రెండే జాతులు, ఇది మూడోది.

కొత్త జాతులు ఇన్ని దొరుకుతున్నా వాటిని వర్ణించేవాళ్లు తక్కువ. 2012లో ఒక పరిశోధన అన్ని రకాల జీవులను కలిపి లెక్కగట్టింది: నమూనా సేకరించిన నాటి నుంచి పేరు ప్రకటించే దాకా సగటున 21 ఏళ్లు. పీతల విషయంలో పూర్వం ఒక్క మనిషి ఆ భారం ఎంత మోయగలదో మేరీ రాత్‌బన్ చూపించింది. స్మిత్‌సోనియన్ మ్యూజియంలో పనిచేసిన ఆమె 1,100కు పైగా కొత్త జాతులను, ఉపజాతులను వర్ణించింది. సహాయకుడిగా వాల్డో ష్మిట్‌ను నియమించడానికి డబ్బు లేదంటే 1914 చివర తన ఉద్యోగానికి రాజీనామా చేసి, ఆ జీతం అతనికి ఇప్పించి, తను జీతం లేకుండా పని కొనసాగించింది.

డీఎన్‌ఏ వచ్చాక పని తగ్గుతుందని అనుకున్నారు. ఒక రకంగా పెరిగింది. ఒకే జాతి అనుకున్న పేరు కింద నుంచి నాలుగైదు బయటపడుతున్నాయి. పగడంలో ఖైదయ్యే హపలోకార్సినస్ కూడా ఒకే జాతి కాదని, పోలికలున్న జాతుల గుంపని తేలింది. వాటికి పేర్లు పెట్టాలంటే మళ్లీ పాత హోలోటైప్ తీసి గొట్టాల కొనలు చూడాల్సిందే. అది ఫార్మాలిన్‌లో ఉండి డీఎన్‌ఏ ఇవ్వకపోతే, మొదట దొరికిన చోటికే వెళ్లి కొత్తగా పట్టుకురావాలి.

పెద్ద పీతలకూ ఇదే జరిగింది, అక్కడ ఆంధ్ర తీరానికి నేరుగా సంబంధం ఉంది. తూర్పు తీరంలో వలలకు పడే, ఎగుమతికి వెళ్లే నీలి ఈత పీతను ఏళ్ల తరబడి పోర్టునస్ పెలాజికస్ అని రాశారు. 2010లో లై, ఎంగ్, డేవీ ఆ పేరును నాలుగు జాతులుగా విడదీశారు. బంగాళాఖాతంలోది పోర్టునస్ రెటిక్యులాటస్. పెలాజికస్ ఆగ్నేయాసియా వైపుది. కృష్ణా, గోదావరి డెల్టాల్లో చెరువుల్లో పెంచే మండ పీత సంగతి ఇంకా తికమక. స్కిల్లా ప్రజాతిలో ఎన్ని జాతులని 1949లో మొదలైన వివాదం 1998లో కీనన్, డేవీ, మాన్ చేసిన పరిశీలనతో నాలుగు దగ్గర నిలిచింది. దాని వెలుగులో చూస్తే భారత రైతులు, పాత పుస్తకాలు సెర్రాటా అంటున్న చిన్న పీత నిజానికి ఒలివేసియా అనీ, ట్రాంక్వెబారికా అంటున్న పెద్ద పీత అసలు సెర్రాటా అనీ జన్యు పరీక్షలు చెప్పాయి. రెండింటి పెరుగుదల వేరు, తూకం వేరు. విత్తన పీతలను ఏ పేరు మీద తెచ్చారో, పాత నివేదికలో రాసిన పేరు ఏ పీతదో తేల్చుకోకుండా ఆ అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చడం కుదరదు.